వెంట ఎవరొచ్చారు?

తమ్ముడి ఫోను మళ్ళీ మోగింది.

భోజనాల బల్ల దగ్గర ముగ్గురూ ఒకేసారి దానివైపు చూశారు. ఆదివారం, కొట్టుకు సెలవు. అన్నం కలుపుతున్న చేతిని కంచంలోనే ఉంచి, తమ్ముడు ఎడంచేత్తో ఫోను అందుకున్నాడు. స్పీకరు నొక్కి బల్ల మధ్యలో పెట్టాడు, అందరూ వినండి అన్నట్టు.

"బాబూ, తోడు వచ్చేది మీరేనా?" అవతల ఓ పెద్దాయన గొంతు. "ఆస్పత్రికండీ. సైట్లో మీ గురించి చాలా బాగా రాశారు. అందుకని మిమ్మల్నే అడుగుదామని..."

"నేనెవరికీ తోడు రాను. నంబరు తప్పు," అని తమ్ముడు కట్ చేశాడు.

పెద్దాయన "అలాగా బాబూ" అన్నది సగమే వినబడింది.

"పొద్దుణ్ణించీ ఇదే వరస," అన్నాడు తమ్ముడు. "ఒకరు స్కానింగుకి రమ్మంటారు. ఇంకొకరు కట్టు విప్పించుకోవాలి రమ్మంటారు. నేను ఫ్యాన్లూ బల్బులూ అమ్ముకునేవాణ్ణా, ఆస్పత్రిలో ఆయానా? చెప్పక్కా."

"నమూనా కోసం వేశాన్రా," అంది అక్కయ్య. "సైటు ఇంకా మొదలే పెట్టలేదు. అవి ఎవరికీ కనబడకూడదు."

"కనబడకూడనివి కనబడితేనే కదా గొడవ!"

ఆస్పత్రికి ఒంటరిగా వెళ్ళేవాళ్ళకు తోడు మనుషుల్ని చూపించే వెబ్‌సైటు కడుతున్న అక్కయ్య పక్షాన ఇక్కడ ఒక మాట చెప్పాలి. సైటు కట్టేటప్పుడు పేజీ నిండితే ఎలా ఉంటుందో చూసుకోవడానికి ఏవో కొన్ని పేర్లు వేస్తారు. తెలివైనవాళ్ళు లేని పేర్లు, లేని నంబర్లు వేస్తారు. అక్కయ్యకు ఆ తెలివి లేదు. ఆస్పత్రి కౌంటరులో ఇరవై ఏళ్ళుగా జనం చెప్పింది చెప్పినట్టు రాసుకున్న చెయ్యి అది, లేనిది రాయమంటే కదల్లేదు. "తోడు వచ్చేవారు" అన్న గడి ముందు చాలాసేపు కూర్చుని, ఆమె కంఠతా వచ్చిన రెండే రెండు నంబర్లు వేసింది. ఒకటి తమ్ముడిది, ఒకటి మరదలిది.

మరదలు కూర గిన్నె మీద మూత పెట్టింది. పొద్దున ఆమెకూ ఒక ఫోను వచ్చింది. వంటింట్లోకి వెళ్ళి తలుపు చేరవేసి మాట్లాడింది. ఏం మాట్లాడిందో ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

"నంబర్ల సంగతి సరే," తమ్ముడు చెయ్యి కడుక్కొచ్చి మళ్ళీ ఫోను తీశాడు. "ఇదేమిటో చెప్పు. 'ఈ సైటు ఎందుకు' అన్నచోట నువ్వు రాసిందే." గొంతు సవరించుకుని చదివాడు. "'నా ఆపరేషన్ రోజున, వెంట వచ్చినవారు అన్నచోట సంతకం పెట్టింది నన్ను దింపిన ట్యాక్సీ డ్రైవరు. సంబంధం ఏమిటని అడిగితే తమ్ముణ్ణి అన్నాడు. ఆయనెవరో నాకు తెలియదు. ఎవరూ లేనివారి కోసమే ఈ సైటు.'"

చదవడం అయిపోయినా ఫోను దించలేదు.

"ఏ ఆపరేషనక్కా?"

"పోయిన వానాకాలంలో. పిత్తాశయంలో రాళ్ళు. పెద్దదేం కాదు."

"పోయిన వానాకాలం నువ్వు ట్రైనింగుకి వెళ్ళావు."

అక్కయ్య మెతుకులు కంచం అంచుకు నెట్టింది.

"నాలుగు రోజుల ట్రైనింగన్నావు. పెట్టె బరువుగా ఉందని పైనుంచి నేనే మోసుకొచ్చాను. ట్యాక్సీలో ఎక్కించింది నేను. జాగ్రత్తగా తీసుకెళ్ళు బాబూ అని ఆ డ్రైవరుకి చెప్పింది నేను." తమ్ముడు అప్పటికి ఫోను దించాడు. "ఆ డ్రైవరేనా?"

"ఆయనే."

"అంటే నా బదులు మనిషిని నా చేతే కుదిర్పించుకున్నావన్నమాట."

అక్కయ్య మంచినీళ్ళ గ్లాసు అందుకుంది, తాగలేదు.

"ఎందుకు చెప్పలేదు?"

ఆపరేషన్ చెయ్యాలన్న రోజు సాయంత్రం, చెబుదామనే పైగదిలోంచి దిగొచ్చింది. మెట్ల చివర దాకా వచ్చింది. లోపల తమ్ముడూ మరదలూ దేనికో పడీపడీ నవ్వుతున్నారు. ఇల్లంతా తేలిగ్గా ఉంది. తన రాళ్ళ కబురు తీసుకెళ్ళి ఆ నవ్వు మధ్యలో వెయ్యడానికి మనసు రాలేదు. వచ్చినదారినే వెనక్కి వెళ్ళి, మర్నాడు ట్రైనింగు కథ అల్లింది. ఇదంతా ఇప్పుడు చెబితే "మేం నవ్వుకోవడం కూడా తప్పేనా" అంటాడు. అందుకని ఊరుకుంది.

"నా కొట్టుకి వచ్చేవాళ్ళంతా చూస్తారిది," తమ్ముడు లేచి నిలబడ్డాడు. "ఎవరూ లేరట! ఇంట్లో ఈగల మోత అని నువ్వే డప్పు కొట్టి చెబుతున్నావు. మరి నేనెవర్ని? ఇదిగో, నీ మరదలెవరు? సాయంత్రంలోగా నా పేరు తీసెయ్. ఆ లైనూ తీసెయ్. లేకపోతే..."

లేకపోతే ఏమిటో చెప్పలేదు. ఇల్లు తమ్ముడిది, పైగదిలో ఉంటున్నది అక్కయ్య. చెప్పని మాట ముగ్గురికీ వినబడింది.

అతను గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. మరదలు కంచాలు తీసింది. అక్కయ్య కంచంలో అన్నం అలాగే ఉంది.

"తినండి వదినా," అంది మరదలు.

"ఆకలిగా లేదమ్మాయ్."

మరదలు ఇంకోసారి అనలేదు. కంచం తీసుకెళ్ళిపోయింది.

పోయిన వారం భాగంలో అక్కయ్య వెంట డాక్టరు గదిలోకి వచ్చిన పాఠకులకు గురువారం సంగతి తెలుసు. తెలియనిది ఇంట్లోవాళ్ళకే. రొమ్ము పక్కన చేతికి తగిలిన గడ్డలోంచి గురువారం పొద్దున ముక్క తీసి పరీక్షకు పంపాలన్నారు. తను పనిచేసే ఆస్పత్రిలో చూపించుకుంటే కౌంటరు వెనక గుసగుసలు పుడతాయని ఆమె వేరే ఆస్పత్రికి వెళ్ళింది. వాళ్ళు ఖండితంగా చెప్పారు. మత్తు ఇస్తాం, సాయంత్రం దాకా మనిషి ఉండాలి, గుర్తింపు కార్డు చూపించాలి. ట్యాక్సీ డ్రైవర్ల ఆటలు అక్కడ సాగవు. ఒకసారి ఒంటరిగా వెళితే వెనక్కి పంపేశారు. డాక్టరు తల ఎత్తకుండానే "ఇంకా ఆలస్యం చెయ్యకండి" అన్నాడు.

అక్కయ్యకు ఒక ఆశ ఉంది, నవ్వకండి. సోమవారం సైటు తెరిస్తే, గురువారానికి తనకూ ఎవరో ఒకరు దొరక్కపోతారా అని. తన ఒక్కదాని కోసం ఊరందరికీ డైరెక్టరీ కడుతోంది.

* * *

అందరూ కత్తెర అని పిలిచే ఆయన గది జిరాక్సు షాపు మీద ఉంటుంది. మనిషి అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. ఒకప్పుడు ఏదో పత్రికలో పేజీలు కట్టేవాడు. ఎంత పెద్ద రచయిత రాసినా కత్తిరించి పేజీలో ఇమిడ్చేవాడట, ఆ పేరు అలా స్థిరపడింది. పత్రిక మూతపడ్డాక సైట్లు కట్టడం నేర్చుకున్నాడు. ఆదివారం మధ్యాహ్నాలు ఎవరి సైటైనా ఉచితంగా చూసి పెడతాడు. షరతు ఒక్కటే. ఆయన చూస్తున్నంతసేపూ కట్టినవాళ్ళు నోరు విప్పకూడదు.

"రేపు జనం చూసేటప్పుడు మీరు పక్కన నిలబడి వివరిస్తారా? వివరించరుగా. ఇప్పుడూ వద్దు," అంటాడు.

అక్కయ్య వెళ్ళేసరికి ఆయన ఫోను ఎడంచేత్తో పట్టుకుని, కుడిచేతిని కండువాతో మెడకు వేలాడదీసుకుని ఉన్నాడు.

"అయ్యో, చేతికేమైందండీ?"

"ఏం కాలేదు. మీ సైటు కోసమే కట్టుకున్నా. ఆస్పత్రిలో ఉన్నవాళ్ళకి కుడిచేతికి సూది ఉంటుంది. ఎడంచేత్తోనే కదా చూడాలి? కూర్చోండి. నోరు మూయండి."

అక్కయ్య కూర్చుంది. నోరు మూయడం ఆమెకు కొత్త కాదు.

ఆయన పైకే చదువుతూ చూడసాగాడు. "పైన బొమ్మ. నలుగురు నవ్వుతున్నారు. వీళ్ళకేం జబ్బండీ? పళ్ళపొడి ప్రకటనలా ఉంది. తీసెయ్యండి, పేజీ తెరుచుకోడానికి సగం ఆలస్యం దీనివల్లే. తర్వాత 'మా ఆశయం'. అబ్బో, ఎంత పొడుగో. నాకు కడుపులో నొప్పిగా ఉంది, మీ ఆశయం చదవమంటారా? అక్షరాలు బూడిద రంగులో ఎందుకున్నాయి? అందంగా ఉంటుందనా? మా అమ్మకి కనబడవు. ఇదిగో, మెంబరుగా చేరితే గానీ పేర్లు చూపించదట. గుమ్మంలోనే జాతకం అడుగుతున్నారు."

అక్కయ్య నోరు తెరవబోయింది. ఆయన వేలు ఎత్తాడు. మూసుకుంది.

"'ఎవరూ లేనివారు ఇక్కడ నొక్కండి.'" ఆయన బొటనవేలు ఆ మీట మీద ఆగింది. నొక్కలేదు. చాలాసేపు నొక్కలేదు.

"ఏమండీ?" అంది అక్కయ్య ఉండబట్టలేక.

"నొక్కబుద్ధి కావడం లేదు." కత్తెర ఫోను బల్ల మీద పెట్టాడు. "నాకూ ఎవరూ లేరు, ఉన్నమాటే. అయినా ఈ మీట నొక్కితే ఒప్పుకున్నట్టవుతుంది. ఎవరు ఒప్పుకుంటారండీ? ఇల్లు నిండా మనుషులున్నా వెంట వచ్చేవాళ్ళు లేనివాళ్ళుంటారు. వాళ్ళేం చెయ్యాలి? లెక్కకి రారా?"

అక్కయ్యకు మధ్యాహ్నం తమ్ముడు అన్న మాట గుర్తొచ్చింది. మరి నేనెవర్ని?

"ఏం అడగాలి మరి?"

"రెండే. ఎప్పుడు వెళ్ళాలి, ఎక్కడికి వెళ్ళాలి. ఎందుకు ఒక్కరే వెళుతున్నారన్నది మనకనవసరం. బస్సు టిక్కెట్టు ఇచ్చేవాడు అడుగుతాడా, మీవాళ్ళెందుకు రాలేదని?"

ఇరవై ఏళ్ళుగా తను అడుగుతూనే ఉంది. పేరు, వయసు, ఫోన్ నంబరు, వెంట ఎవరొచ్చారు? కొందరు వెనక్కి తిరిగి, లేని మనిషి కోసం చూసినట్టు చూసి, "వస్తున్నారండీ, పార్కింగులో ఉన్నారు" అనేవాళ్ళు. ఆ పార్కింగులోంచి ఎవరూ వచ్చేవాళ్ళు కారు. తను ఆ గడి ఖాళీగా వదిలేసి తర్వాతివాళ్ళని పిలిచేది. సిగ్గుతో ఆమె చెవులు వేడెక్కాయి.

కత్తెర తోడు వచ్చేవాళ్ళ పేజీకి వెళ్ళాడు. ఆమె అంటించిన కాగితం చూసి ఈమధ్యే పన్నెండుమంది దాకా పేర్లిచ్చారు. రిటైరైన బ్యాంకు ఉద్యోగి, ఒక డ్రాయింగు టీచరు, ఇలా. "ఇవన్నీ దరఖాస్తుల్లా ఉన్నాయి. వయసు, చదువు, అనుభవం. పైగా వీళ్ళకి ఏ రోజు ఖాళీయో మీరు అడగనే లేదు. ఖాళీ రోజులు వేస్తే గానీ వెతికినప్పుడు వీళ్ళు రాకుండా పెడతాను, లేకపోతే తిట్లు తింటారు. ఒక్కొక్కరికీ మెసేజ్ పెట్టి అడగండి." స్క్రీను కిందికి జరిపి ఆగాడు. "ఇదిగో, ఈ రెండే బాగున్నాయి. 'డాక్టరు చెప్పింది ఒక్క ముక్క మర్చిపోరు. ఇంటికొచ్చాక మళ్ళీ చెబుతారు.' ఈవిడ మంచావిడలా ఉంది. ఇంకోటి. 'జ్వరం వస్తే పక్కనే కూర్చుంటారు. మాట్లాడమంటే మాట్లాడతారు, వద్దంటే ఊరుకుంటారు. నిద్రపోయారు కదా అని లేచి వెళ్ళిపోయే రకం కాదు.' నాకు బాగోకపోతే ఇతన్నే పిలుస్తాను. ఎవరితను?"

"మా తమ్ముడు. అవి నమూనాలండీ."

"వస్తాడా?"

తమ్ముడికి ఎనిమిదేళ్ళప్పుడు ఆమెకు టైఫాయిడ్ వచ్చింది. పరీక్ష అట్టతో విసురుతూ మంచం పక్కనే కూర్చునేవాడు. చెయ్యి నొప్పెడితే చెయ్యి మార్చుకునేవాడు. అమ్మ వచ్చి అన్నానికి లాక్కెళితే గానీ లేచేవాడు కాదు. ఆమె రాసింది ఆ పిల్లవాడి గురించే, నంబరు మాత్రం ఫ్యాన్ల కొట్టు ఆసామిది.

"తెలియదండీ," అంది. "ఎప్పుడూ పిలవలేదు."

కత్తెర ఆమెను ఒకసారి చూసి, మళ్ళీ స్క్రీనులోకి వెళ్ళిపోయాడు. ఆయన మర్యాద అంత మాత్రమే, కానీ అది మర్యాదే.

"ఇక అసలు తప్పు. నంబర్లు ఇలా బట్టబయలు పెడతారా? రేపు తోడు వచ్చే ఆడవాళ్ళకి ఎవడుపడితే వాడు ఫోన్ చేస్తాడు. పైగా తయారవుతున్న సైటుకి తలుపు పెట్టలేదు. మెంబరుగా చేరనివాళ్ళు వెతికినా ఈ పేజీ దొరికిపోతోంది."

"పొద్దుణ్ణించీ ఫోన్లు వచ్చాయండీ. మా తమ్ముడు కోపంగా ఉన్నాడు."

"ఎన్ని?"

"నాలుగైదు."

కత్తెర కండువా విప్పి కుడిచేతిని విదిలించుకున్నాడు. "తెరిచాక కూడా ఒక్కరూ రాక ఏడ్చేవాళ్ళని చూశాను. మీకు తెరవకముందే వచ్చారు. కోపం సంగతి తర్వాత, ముందు ఆ వచ్చినవాళ్ళ సంగతి ఆలోచించండి."

ఆయన కీబోర్డు దగ్గరకు లాక్కున్నాడు. సైటుకు తాళం పెట్టాడు, బయటివాళ్ళకు కనబడకుండా. నవ్వుతున్న నలుగురినీ పీకేశాడు. ఆశయాన్ని ఒక్క వాక్యానికి కత్తిరించాడు. ట్యాక్సీ డ్రైవరు దగ్గర మాత్రం "ఇది ఉంచండి, పేజీ చివర్లో. తమ్ముడన్న మాట తీసేద్దామా?" అని అడిగాడు. ఆమె తీసెయ్యమంది. నంబర్లన్నీ దాచి, మధ్యలో ఒక నంబరు పెట్టాడు. అడిగేవాళ్ళు మీట నొక్కితే అది అవతలివాళ్ళకు కలుపుతుంది. ఎవరి నంబరు ఎవరికీ తెలియదు, ఎవరు చేస్తున్నారో కూడా మాట్లాడేదాకా తెలియదు.

"రేపు పొద్దున తెరుద్దాం. సాయంత్రం మీరే ఒకసారి మొదటినుంచి చివరిదాకా వాడి చూడండి. నిజంగా అవసరమున్న మనిషిలా, నిజమైన తేదీ వేసి. ఉత్తుత్తి తేదీలు వేస్తే ఉత్తుత్తి తప్పులే దొరుకుతాయి."

"నమూనాలు తీసేయాలి కదండీ. సాయంత్రంలోగా తీసెయ్యమని మా తమ్ముడు..."

"ఒకటి ఉంచుతాను, పరీక్ష అయ్యాక తీసెయ్యండి. ఎవరిది ఉంచమంటారు? మీట నొక్కినప్పుడు అవతల మోగిందో లేదో మీ చెవులతో వినాలి. ఎవరి ఫోను మోగితే మీకు వినబడుతుంది?"

మరదలి ఫోను ఎప్పుడూ మూగదే. ఇక ఈ లోకంలో మోగితే అక్కయ్యకు వినబడే ఫోను ఒక్కటే ఉంది, తన గది నేల కింద, ముందుగదిలో.

* * *

ఇంటికి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. తమ్ముడు టీవీ ముందు కూర్చుని ఉన్నాడు. తల తిప్పలేదు. ఆమె "నీ పేరు తీసేస్తున్నాన్రా, ఆ తమ్ముడన్న మాట పోయింది" అంది.

దారి పొడుగునా ఆలోచించి ఆమె ఒక నిర్ణయానికి వచ్చింది. సైటు మీద ఆశ పెట్టుకుని లాభం లేదు. మెసేజులు పెట్టిన పన్నెండుమందిలో ఒక్కరూ ఇంకా ఖాళీ రోజులు చెప్పలేదు. తమ్ముణ్ణి అడగడం తన వల్ల కాదు. మరదల్ని అడుగుతుంది. ఆడది ఆడదాన్ని అడగడంలో తప్పులేదు.

మరదలు వంటింట్లో కూరగాయలు తరుగుతోంది. అక్కయ్య ఇంకో కత్తి కోసం వెతికింది.

"నేను తరుక్కుంటాను లెండి," అంది మరదలు.

"అమ్మాయ్, నీతో ఒక మాట..."

"నేనూ మీతో ఒక మాట చెప్పాలి వదినా." మరదలు కత్తి ఆపింది. "పొద్దున నాకు ఫోన్ చేసింది ఒక ముసలావిడ. కంటి ఆపరేషనట. కొడుకూ కోడలూ ఇంట్లోనే ఉన్నారట, సెలవు దొరకదన్నారట. మాట్లాడుతుంటే ఏడ్చేసింది. వస్తానన్నాను."

అక్కయ్య ఆశ్చర్యంగా చూసింది. "నువ్వా?"

"ఏం, నేను వెళ్ళకూడదా? డాక్టరు చెప్పింది ఒక్క ముక్క మర్చిపోనని మీరే రాశారుగా." మరదలి ముఖంలో నవ్వు లాంటిది వచ్చి పోయింది. "నా గురించి ఈ ఇంట్లో ఎవరూ అంత మంచిమాట అనలేదు. మీరు కూడా నాతో అనలేదు. ఊరందరి కోసం రాశారు."

"ఎప్పుడు వెళ్ళాలి?"

"గురువారం పొద్దున."

స్టవ్ మీద గిన్నెలో నీళ్ళు కాగుతున్నాయి. అక్కయ్య దాని మంట తగ్గించింది, తగ్గించక్కర్లేకపోయినా.

"వదినా, మీరేదో చెబుదామన్నారు?"

"ఏం లేదు. ఆవిడకి చుక్కల మందు రాసిస్తారు, గంట గంటకీ వెయ్యాలి, అది మాత్రం రాసుకో."

మరదలు తల ఊపింది. కత్తి మళ్ళీ అందుకుని, కాసేపటికి తల ఎత్తకుండానే అంది. "అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఆ ముసలావిడ ముక్కూమొహం తెలియని నన్ను అడిగింది. మీరు ఈ ఇంట్లో ఇన్నేళ్ళున్నారు. ఎప్పుడైనా ఏదైనా అడిగారా? మధ్యాహ్నం ఆయన లోపలికి వెళ్ళి ఏం చేశారో తెలుసా? ఆ పెద్దాయన నంబరుకి తిరిగి చేశారు. ఎవరూ ఎత్తలేదు. అప్పటినుంచీ అలాగే కూర్చున్నారు."

ఇప్పుడు చెప్పాలి. ఇంతకంటే తలుపు ఎవరు తెరుస్తారు? కానీ చెబితే మరదలు ముసలావిడకు ఫోన్ చేసి రానంటుంది. ఒకరి తోడు లాక్కుని తను తెచ్చుకోవాలి. అక్కయ్య "నీకు ఓపికెక్కువమ్మాయ్" అని, మెట్లెక్కి పైకి వెళ్ళిపోయింది.

* * *

గదిలోకి వెళ్ళగానే గడియ పెట్టడం ఆమెకు అలవాటు. ఎవరూ రారు, అయినా పెడుతుంది.

మంచం మీద కూర్చుని ఫోను ఎడంచేతిలోకి తీసుకుంది. సైటు ఇట్టే తెరుచుకుంది. తెల్లటి పేజీ మీద నల్లటి పెద్ద అక్షరాలు. ఎవరూ నవ్వడం లేదు. ఎవరి ఆశయాలూ లేవు.

ఎప్పుడు వెళ్ళాలి? గురువారం, పొద్దున.

ఎక్కడికి వెళ్ళాలి? ఆస్పత్రి పేరు రాసింది. బొటనవేలికి అన్నీ అందుతున్నాయి. కత్తెర మంచి పనివాడు.

వెతుకుతున్నట్టు చిన్న గుండ్రం తిరిగింది. తర్వాత ఒకే ఒక్క పేరు వచ్చింది. 'జ్వరం వస్తే పక్కనే కూర్చుంటారు. నిద్రపోయారు కదా అని లేచి వెళ్ళిపోయే రకం కాదు.' దాని కింద ఆకుపచ్చ మీట. మాట్లాడండి.

చెయ్యాల్సింది చిన్న పని. నొక్కాలి, కింద మోగిందని వినాలి, కట్ చెయ్యాలి, అతని పేరు తీసెయ్యాలి. ఆమె నొక్కింది.

కింద ముందుగదిలో ఫోను మోగింది. పని చేస్తోంది. ఇక కట్ చెయ్యొచ్చు.

ఇంకోసారి మోగింది. టీవీ శబ్దం ఆగిపోయింది. వేలు ఎర్ర మీట మీదే ఉంది, కదల్లేదు. తెలియని నంబరు. ఎత్తడు. పొద్దుణ్ణించీ వేగిపోయిన మనిషి ఎందుకు ఎత్తుతాడు?

"హలో."

ఆ గొంతు ముందు నేలలోంచి వచ్చింది, ఆ వెంటనే చెవిలోకి వచ్చింది.



"హలో? ఎవరండీ?" తమ్ముడి గొంతు తగ్గింది. "ఆస్పత్రి గురించేనా? చూడండి, అది పొరపాటున పడిన నంబరు."

అంటూనే ఉన్నాడు గానీ పెట్టెయ్యలేదు.

"మధ్యాహ్నం చేసిన పెద్దాయన మీరేనా? విసురుగా మాట్లాడాను. ఏమనుకోకండి. ఇంట్లో గొడవ, ఆ చికాకు మీ మీద చూపించాను. తిరిగి చేశాను, మీరు ఎత్తలేదు."

అతను ఇంత మెత్తగా మాట్లాడి ఎన్నాళ్ళయిందో! తనతో కాదు, ఎవరో పెద్దాయనతో. ఆమెకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పక్కింటివాళ్ళ పెళ్ళి గోడ మీంచి చూస్తున్నట్టుంది.

"వింటున్నారా? ఎప్పుడండీ మీరు వెళ్ళాల్సింది?"

గురువారం. ఒక్క మాట. నోరు తెరిచింది. మాట పైకొస్తే ఎవరో తెలిసిపోతుంది. మధ్యాహ్నం తీసెయ్యమన్న పేరును తనే వాడుకుంటోందని తెలిసిపోతుంది. గడ్డ సంగతి తెలిసిపోతుంది.

అవతల తమ్ముడు నిట్టూర్చాడు. కుర్చీ కిర్రుమంది.

"చెప్పడానికి ఇబ్బందైతే చెప్పకండి. ఒక్కటి చెప్పండి చాలు. మీ వెంట ఎవరొస్తున్నారు?"

ఆ ప్రశ్న ఆమె ఎన్ని వేలమందిని అడిగి ఉంటుంది! జవాబు చెప్పలేక వెనక్కి తిరిగి చూసినవాళ్ళలాగే, తనూ వెనక్కి తిరిగి చూసింది. గోడ ఉంది, గోడకు ఆఫీసు చీర వేలాడుతోంది.

అప్పుడే వంటింటి గుమ్మంలోంచి మరదలు గొంతెత్తి పిలిచింది. "వదినా! కిందికి రండి. మధ్యాహ్నం కూడా తినలేదు!"

ఆ కేక మెట్ల మీదుగా పైకి వచ్చింది. అక్కయ్య గదిలోకి వచ్చింది. ఆమె చేతిలోని ఫోనులోకి వెళ్ళింది. కింద తమ్ముడి చెవిలో, భార్య గొంతు వంటింట్లోంచి ఒకసారి, ఫోనులోంచి ఒకసారి వినబడింది.



అక్కయ్య ఎర్ర మీట నొక్కబోయింది. ఈలోగా అవతలే లైను తెగిపోయింది. కింద కుర్చీ జరిగింది. మెట్ల మీద అడుగులు. తొందరగా కాదు, ఒక్కొక్కటీ ఆగి ఆగి.

"అక్కా."

ఈసారి గొంతు తలుపు అవతలి నుంచే వచ్చింది.

ఆమె లేచి నిలబడింది. చేతిలో ఫోను ఇంకా వెలుగుతూనే ఉంది, దాని మీద గురువారం అని ఉంది. అతను తలుపు నెట్టాడు, తలుపు కదల్లేదు. గడియ లోపలివైపు ఉంది.